ఎర్ర రంగు డబ్బా

నల్లగొండల మా సెంటరుకు బోర్డు పెద్దది,
గది చిన్నది.
రెండో అంతస్తుల, మెట్ల పక్కన ఒక ఫ్రిజ్జు,
ఫ్రిజ్జుల అరవై మూడు సీసాల నీళ్లు.
ప్రతి సీసా మెడకు ఒక పేరు:
భిక్షం చెల్క బోరు, బడి బోరు,
దర్గా కాడి చేతిపంపు,
'ఎవలదో తెల్వది, కంపచెట్ల నడుమ'.
చేతిరాత నాదే.

సీసాలు నింపుకున్ననాడు అండాలు అడిగింది:
"నీళ్లు కొంచవోతున్నవు సరే,
జవాబు ఎప్పుడు తెస్తవు బిడ్డా?
ఎనకట గూడ ఎవలో ఒచ్చిన్రు,
పిల్లగాండ్ల పండ్లు ఫోటోలు దీసిన్రు,
నా మోకాళ్లు టేపు వెట్టి కొలిచిన్రు.
ఆ కొలతలు ఏ ఊరికి వోయినయో
ఇప్పటిదాంక మర్లి రాలే."

నెల రోజులన్న.
పదకొండు నెలలు పట్టింది.
మిషను చెడిపోయింది, పైసలు ఆగినయి,
మేడం కాన్పుకు వోయింది,
హైదరాబాదు నుంచి రావాల్సిన మందు రాలే.
ఇవన్నీ కారణాలే. అండాలుకు కావాల్సింది ఇవి కాదు.

తొలకరికి చండూరు కాడ బస్సు మారి దిగిన.
ఒక సంకల కాయిదాలు,
ఇంకో చేతిల రెండు రంగు డబ్బాలు:
పచ్చది తాగుమనేటందుకు, ఎర్రది వద్దనేటందుకు.
బడి వరండల చాపేసి చదివిన,
లీటరుకు ఫ్లోరైడు ఇన్ని మిల్లీగ్రాములని.
లింగస్వామి ఆవులించిండు.
"మిల్లీలు గిల్లీలు మాకెందుకమ్మా,
తాగాల్నా వద్దా? గది చెప్పు."

సుద్దముక్కతోని బండల మీద ఊరు గీసి చెప్పిన.
పచ్చ చుక్కలు మూడు, ఎర్రయి పదకొండు.
గీసినంక
అప్పుడు జూసిన నేను సుత.
పచ్చయి మూడూ బాటకు ఇవుతల,
పట్వారోల్ల ఇండ్ల దిక్కు.
అవుతల మాదిగవాడల ఉన్న ఒక్క పంపు
ఎర్రగ.

ఫ్రిజ్జుల అన్ని సీసాలు
ఒకదాని భుజానికొకటి ఆనుకొని ఉండె.
నీళ్లకు వాడ ఉంటదని
ఫారంల ఏ గడిల రాయాలె?

అండాలు లేవలే. లేవాల్నంటే ఆమెకు గోడ గావాలె.
కూసునే అన్నది:
"మా పంపుకు ఎర్ర రంగు పూస్తవు, మంచిదే.
పూసినంక నా బిందె ఎటు వోవాలె?
బాట దాటుమంటవా?
దాటితే ఆడ పెట్టనిస్తరా?
గది నీ మిషన్ల ఎంతొచ్చింది?"

పట్వారి మనుమడు ఫోను జూసుకున్నడు.
భిక్షం బీడీ ముట్టిచ్చి
బడి అని యాదికొచ్చి ఆర్పిండు.
ప్రజల భాగస్వామ్యమని మాకొక పాఠముంది,
ఇరవై ఆరు పేజీలు.
వరండల ఎవ్వలూ మాట్లాడని గా కొద్దిసేపు
అందుల ఏడ లేదు.

ఆనాడు నేను డబ్బా మూత తియ్యలే.
డైరీల రాసుకున్న: రంగు తర్వాత, దారి ముందుగాల.

మళ్ల నాలుగుసార్లు వోయిన.
రెండుసార్లు పంచాయతి ఆఫీసుకు తాళం,
ఒకసారి కొట్లాట.
నాలుగోసారి అండాలే అన్నది,
"బడి బోరు సర్కారుది గదా, ఎవల అయ్యది గాదు."
అందరికీ తెల్సిన ముచ్చటే.
అంతకుముందు ఎవలూ నోటితోని అనలే.

లింగస్వామి అడుగులేసి లెక్కవెట్టిండు,
మూడు వందల పన్నెండు.
పైపుకు సగం పైసలు సెంటరియి,
సగం వాడ ఆడోల్ల సంఘానియి.
బాటకు అడ్డంగ తవ్వుతుంటే
పట్వారి మనుమడు బండాపి జూసిండు.
ఏమనలే.
ఏమనలేదంటే ఒప్పుకున్నట్టు గాదు,
అండాలుకు అది నాకంటె బాగ తెల్సు.

నీళ్లు దాటినంకనే ఎర్ర రంగు పూసినం.
ఇంకా నా బొటనేలి గోరు సందుల ఉన్నది.

ఇప్పుడు ఫారంల ఒక గడి పెంచిన:
'ఈ నీళ్ల కాడికి ఎవలెవలు పోవచ్చు?'
సారు కండ్లద్దాలు దీసి అడిగిండు,
దీనికి కొలమానం ఏంది అని.
అండాలును అడిగి చెప్తనన్న.